పారిస్ అద్దాల సందులో మా నాన్న కొట్టు

"కొట్టుకి బేరం వచ్చిందమ్మా. శనివారంలోగా ఏ సంగతీ చెప్పమంటున్నారు. నువ్వేమంటావ్?"

పారిస్ వెళ్లే రైల్లో ఉండగా నాన్న పంపిన వాయిస్ మెసేజ్ ఇది. ఇరవై సెకన్లు కూడా లేదు. మూడుసార్లు విన్నా. వెనకాల ఫ్యాను కిర్రుమంటున్న చప్పుడు. ఎవరో ఆవిడ "పింక్ కాదండీ, ఉల్లిపొర రంగు" అంటున్న మాట. వేరే చెప్పక్కర్లేదు, అది మా కొట్టే. పిఠాపురం బజార్లో ఓ ఇరుకు సందులో పదడుగుల వెడల్పున్న బట్టల కొట్టు. తాతయ్య పెట్టాడు. ముప్ఫై ఏళ్లుగా నాన్న కూర్చుంటున్నాడు.

నేను జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నా. మా ఊరి పేరు చెప్పగానే ఇక్కడి తెలుగు ఫ్రెండ్స్ "ఓహో, ఎమ్మెల్యే గారి తాలూకానా?" అంటారు. ఆయ్, అదే. కానీ ఆ స్టిక్కర్లు రాకముందు నుంచీ మాకు పాదగయ ఉంది, కుక్కుటేశ్వరస్వామి ఉన్నాడు, కూతవేటు దూరంలో ఉప్పాడ జమదానీ మగ్గాలున్నాయి.

నిజం చెప్పాలంటే నా జవాబు అప్పటికే రెడీ. అమ్మేయ్ నాన్నా. అరగంట దూరంలో కాకినాడలో ఏసీ షాపింగ్ మాల్స్. అంతకంటే దగ్గర్లో, జేబులోనే, ఫోను. ఇంకా దాచేదేముంది, పోయిన ఉగాదికి నేను డ్రెస్ కొనుక్కున్నది కూడా ఆన్‌లైన్లోనే. బట్టల కొట్టు ఆయన కూతుర్ని! 'అమ్మేయ్' అని టైప్ చేశా. పంపబోయేసరికి సిగ్నల్ పోయింది. సరే, సాయంత్రం ఫోన్ చేసి చెబుదామనుకున్నా.

వాన చూపించిన దారి

నవంబర్ నెల. పారిస్‌లో దిగేసరికి వాన. ఈఫిల్ టవర్ పై సగం మబ్బుల్లో ఉంది. హాస్టల్ రిసెప్షన్లో అమ్మాయి నా మొహం చూసి మ్యాప్ మీద పెన్నుతో నాలుగైదు గీతలు గీసింది. "వాన పడితే మేం పాసాజ్‌లకి వెళ్తాం" అంది.

పాసాజ్ అంటే సందు. మామూలు సందు కాదు. రెండు వీధుల మధ్య, భవనాల్ని చీల్చుకుంటూ పోయే నడక దారి. అటూ ఇటూ కొట్లు, కింద రాళ్లు పరిచిన నేల, పైన ఇనప చట్రంలో బిగించిన అద్దాల కప్పు. రెండు చివర్లా గేట్లు. మన హైదరాబాద్ పత్తర్‌గట్టీలో రాతి ఆర్చిల కింద వరసగా కొట్లుంటాయి చూడండి, అలాంటి వరసలు రెండు ఎదురెదురుగా పెట్టి మధ్యలో అద్దంతో కప్పేస్తే ఎలా ఉంటుందో అలా.

ఇవి ఎందుకు పుట్టాయో తెలిస్తే నవ్వొస్తుంది. రెండు వందల ఏళ్ల కింద పారిస్ వీధులు ఇప్పటిలా లేవు. ఫుట్‌పాత్‌లు దాదాపు లేవు. రోడ్డు మధ్యలో మురుగు. గుర్రపు బండి పక్కనుంచి పోతే బురదంతా బట్టల మీద. అలాంటి చోట నిలబడి ఎవరు షాపింగ్ చేస్తారు? అందుకని స్థలాల యజమానులు తమ భవనాల మధ్యలోంచే దారి తీసి, పైన కప్పు వేసి, "లోపలికి రండి, తడవరు, బురద అంటదు" అన్నారు. అంతే. ఎక్కువ భాగం 1800 నుంచి 1850 లోపు కట్టినవే. ఒకప్పుడు పారిస్‌లో ఇలాంటివి నూట యాభై దాకా ఉండేవి. ఇప్పుడు మిగిలింది ఇరవై చిల్లర.

అంటే ఇవి ఆనాటి మాల్స్ అన్నమాట.

వెలుతురుకి పట్టుకెళ్లు

ముందు గాలరీ వివియెన్‌కి వెళ్లా. 1823లో కట్టి, 1826లో తెరిచారు. నేలంతా రంగుల మొజాయిక్. లోపల 1826 నుంచీ నడుస్తున్న పాత పుస్తకాల కొట్టు ఉంది. బయట జోరు వాన, లోపల చొక్కా తడవకుండా నడుస్తున్న జనం. తలెత్తి చూస్తే అద్దం మీద నీళ్లు జారుతున్నాయి.

అక్కడ నిలబడ్డప్పుడే మా సందు గుర్తొచ్చింది. మా సందుకీ కప్పుంది. ఈ కొట్టు మీంచి ఆ కొట్టు మీదకి తాళ్లతో లాగి కట్టిన నీలం పట్టా. ఎండకీ వానకీ అదే గొడుగు. కాకపోతే ఒక చిక్కు. దాని కింద ఏ రంగు చూసినా నీలం కలిసిపోతుంది. ఎరుపు వంగపండు రంగులా, పసుపు పచ్చగా కనిపిస్తాయి. లోపల ట్యూబ్‌లైట్ వేస్తే ఇంకో రంగు.

మా కొట్లో ఎక్కువగా అమ్ముడయ్యేది చీరలు కాదు. జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్స్. అంతా మ్యాచింగ్ వ్యాపారం. చీర తెచ్చి పరుస్తారు, నాన్న తానులు ఒక్కోటీ దించి పక్కన పెడతాడు. రంగు కుదిరిందో లేదో తేల్చుకోవాలంటే పట్టా దాటి సందు చివరికి వెళ్లాలి. చిన్నప్పుడు సెలవుల్లో ఆ పని నాదే. "బుజ్జీ, వెలుతురుకి పట్టుకెళ్లు" అనేవాడు నాన్న. చీర కొంగు ఒక చేత్తో, జాకెట్టు ముక్క ఒక చేత్తో పట్టుకుని నేను ముందు, కొనే ఆవిడ వెనక. ఇరవై అడుగులు. ఎండలో పెట్టి చూసి "కుదిరింది" అంటే బేరం అయినట్టే.

ఈ అద్దాల కప్పు కింద ఎవరూ ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. వెలుతురే లోపలికొస్తోంది. ఆ సంగతి అప్పుడు కళ్లకి కనిపించింది గానీ బుర్రకి ఎక్కలేదు. ఎక్కించింది నాన్నే. అక్కడికొస్తా.

మాల్ దెబ్బ అప్పుడూ తగిలింది

అక్కణ్నుంచి నడిచి పాసాజ్ దె పనోరమాకి వెళ్లా. 1800 ప్రాంతంలో కట్టింది. 1817లోనే ఇక్కడ గ్యాస్ దీపాలు వెలిగించారట. రాత్రిపూట కూడా పట్టపగల్లా ఉన్న సందు అంటే ఆ రోజుల్లో ఎంత వింతో ఊహించుకోండి. రోడ్డు దాటితే పాసాజ్ జూఫ్రువా. 1840లలో పూర్తిగా ఇనుము, గాజుతో కట్టింది. చలికాలం జనం వణక్కుండా నేల కింద నుంచి వెచ్చదనం పంపే ఏర్పాటు కూడా చేశారు. దాని వెనకే పాసాజ్ వెర్దో. మూడూ ఒకే వరసలో ఉంటాయి.

ఇంత గొప్పగా ఉన్నవి ఎందుకు పోయాయి?

1852లో ఆరిస్తీద్ బూసికో అనే ఆయన ల బాన్ మార్షే అనే కొట్టులో భాగస్తుడుగా చేరాడు. దాన్ని పెంచి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ చేశాడు. ఆయన చేసిన పనులు వింటే ఇవాళ మీ ఫోన్లో ఉన్న యాప్ గుర్తొస్తుంది. ప్రతి వస్తువు మీదా ధర రాసి పెట్టడం, బేరం లేదు. ఊరికే చూసి వెళ్లిపోయినా ఎవరూ ఏమీ అనరు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. అన్ని రకాలూ ఒకే కప్పు కింద.

అదే సమయంలో పారిస్‌ని పగలగొట్టి మళ్లీ కట్టారు. వెడల్పాటి రోడ్లు, వాటి పక్కన చక్కటి ఫుట్‌పాత్‌లు వచ్చాయి. బురద పోయింది. బురద పోయాక బురద అంటని సందుతో పనేముంది? కొన్ని సందులు ఆ రోడ్ల కిందే పోయాయి. మిగిలిన వాటిలో చాలా భాగం పాతబడి, చీకటి పడి, మూతపడ్డాయి.

ఎమిల్ జోలా 1883లో దీని మీద ఒక నవలే రాశాడు. పెద్ద స్టోర్ ఎదురుగా నలిగిపోయే చిన్న బట్టల కొట్టు కథ. తర్వాత వాల్టర్ బెంజమిన్ అనే జర్మన్ యూదు రచయిత 1927 నుంచి పదమూడేళ్ల పాటు ఈ సందుల మీదే నోట్సు రాసుకుంటూ పోయాడు. నాజీల నుంచి తప్పించుకునే దారిలో 1940లో చనిపోయాడు. పారిస్‌లో దాచి ఉంచిన ఆ కాగితాలు 1982లో గానీ పుస్తకంగా రాలేదు. మూతపడే కొట్ల గురించి ఒక మనిషి జన్మంతా ఆలోచించాడంటే నాకు కాస్త ధైర్యం, కాస్త సిగ్గు రెండూ కలిగాయి. నేను రైల్లో ఒక్క మాటలో తేల్చేయబోయాను కదా.

మరి ఇరవై చిల్లర ఎందుకు మిగిలాయి? అందం వల్ల అనుకుంటాం. అందమైనవి కూడా బోలెడు పోయాయి. మిగిలినవాటిని చూస్తుంటే ఒకటి తెలిసింది. పనోరమాలో పాత స్టాంపులు, పాత పోస్టు కార్డులు అమ్మే కొట్లు వరసగా ఉన్నాయి. వెర్దోలో పాత పుస్తకాలు, పాత బొమ్మలు. పాసాజ్ దు కేర్ అని ఇంకోటుంది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర గుర్తుగా 1798లో కట్టింది, ఉన్నవాటిలో అన్నిటికన్నా పాతది. అందం సంగతి పక్కన పెట్టండి, అక్కడ అమ్మేది బట్టల కొట్లలో నిలబెట్టే బొమ్మలు, హ్యాంగర్లు, హోల్‌సేల్ డ్రెస్సులు. అచ్చం మన వన్‌టౌన్ హోల్‌సేల్ సందులా ఉంది. చుట్టూ ఉన్న వ్యాపారుల కోసం బతుకుతోంది.

పెద్ద కొట్టుతో ఎవరూ పోటీ పడలేదు. పెద్ద కొట్టు పట్టించుకోని పని ఏదో ఒకటి పట్టుకున్నారు. అదృష్టమూ ఉంది. పాతబడ్డ సందుల మీద ఎవరి కన్నూ పడలేదు, 1970ల నుంచి కొన్నిటిని చారిత్రక కట్టడాలుగా గుర్తించి కాపాడారు. మా సందుని ఎవరూ అలా గుర్తించరు. అది నాకూ తెలుసు.

కరివేపాకు వాసన

చివరికి పాసాజ్ బ్రాడీ. 1828లో కట్టింది. 1850లలో పెద్ద రోడ్డు ఒకటి మధ్యలోంచి పోయి దీన్ని రెండు ముక్కలు చేసింది. ఒకప్పుడు వెలవెలబోయిన సందు. 1970లలో పాండిచ్చేరి నుంచి వచ్చిన ఒకాయన ఇక్కడ ఇండియన్ వ్యాపారం మొదలుపెట్టాక వరసగా హోటళ్లు, సరుకుల కొట్లు, సెలూన్లు వచ్చాయి. ఇప్పుడు దీన్ని లిటిల్ ఇండియా అంటారు. గేట్లో అడుగుపెట్టగానే పోపు వాసన. వివియెన్‌లో ఉన్న తళుకు లేదు. కప్పు అద్దాలు మసకబారాయి. కానీ జనం ఉన్నారు.

టైము పన్నెండు. పిఠాపురంలో నాలుగున్నర. సాయంత్రం బేరాలకి ముందు కొట్టు ఖాళీగా ఉండే టైము. నాన్నకి వీడియో కాల్ చేశా. అమ్మేయమని చెబుదామనే.

సందంతా తిప్పి చూపించా. నాన్న మొహంలో ఏ మార్పూ లేదు. ఫోన్ నా వైపు తిప్పుకోగానే అడిగాడు.

"ఆ చున్నీ మన కొట్లోదే కదమ్మా?"

"అవును నాన్నా."

"రంగు ఎంత సుబ్బరంగా కనపడతంది! బయట ఉన్నావా?"

"లోపలే. పైన కప్పుంది."

"లోపలైతే ఆ వెలుతురెక్కడిది?"

ఫోన్ పైకెత్తి కప్పు చూపించా. వాన చుక్కలు అద్దం మీద పడుతున్నాయి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనలో తను అనుకుంటున్నట్టుగా, "మబ్బు వెలుతురు. రంగు చూడ్డానికి దీన్ని మించింది లేదు" అన్నాడు. పొద్దున్నుంచీ నేను ఆరు సందులు తిరిగా. ఆయన అరనిమిషంలో అసలు విషయం పట్టేశాడు.

"ఏ ఊరమ్మా మీది?"

వెనక నుంచి తెలుగు! తిరిగి చూస్తే డెబ్భై దాటిన ఒకాయన, చేతిలో బెండకాయల సంచీ.

"పిఠాపురమండి."

"పిఠాపురమా! మాది యానాం. శివరాత్రికి మా నాయనతో పాదగయకి వచ్చేవాళ్లం."

యానాం అంటే మా ఊరికి యాభై కిలోమీటర్ల లోపే. 1723లో ఫ్రెంచివాళ్లు అక్కడ అడుగుపెట్టారు. మధ్యలో చేతులు మారినా 1954 దాకా ఊరు వాళ్లదే. మిగతా దేశంలో లేని సరుకు అక్కడ దొరికేదని, మంగళవారం సంతకి మన జిల్లాల వాళ్లు వెళ్లేవారని తాతయ్య చెప్పేవాడు. బాల్య వివాహాల మీద బ్రిటిషువాళ్ల చట్టం అక్కడ చెల్లకపోవడంతో, పెళ్లిళ్లకి యానాం పోయేవారు. అందుకే దానికి కళ్యాణపురం అని పేరు. 1962లో ఒప్పందం పూర్తిగా అమల్లోకి వచ్చినప్పుడు కొందరు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోయారు. వాళ్లలో ఈయన కుటుంబం ఒకటి.

నాన్నతో ఫోన్లో ఇద్దరూ ఆయ్ అంటే ఆయ్ అనుకున్నారు. తర్వాత నేనే అడిగా, ఇక్కడ అన్ని సూపర్‌మార్కెట్లుండగా ఇంత దూరం ఎందుకొస్తారని.

ఆయన సంచీలోంచి ఒక బెండకాయ తీసి చివర టప్‌మని విరిచాడు. "అక్కడ ప్యాకెట్లో ఉంటాయమ్మా. ముదురో లేతో ఎలా తెలుస్తుంది? ఇక్కడ విరిచి చూసుకోనిస్తారు."

అంతే చెప్పాడు. ఫోన్లో నాన్న నవ్వు వినపడింది.

ఆయన వెళ్లిపోయాక నాన్నే అన్నాడు. "మాల్స్‌లో చీర కొంటారమ్మా. కొననీ. ఆ చీరకి జాకెట్టు ముక్క కోసం మన దగ్గరికే వస్తారు. ఫోన్లో రంగు చూసి తెప్పించుకున్నవాళ్లూ అంతే, వేరే రంగొచ్చిందని మళ్లీ మన దగ్గరికే. వచ్చినవాళ్లని సందు చివరిదాకా నడిపించలేకపోతున్నా. మోకాళ్లు. నువ్వుండేదానివి అప్పుడు."

నేనేం చెప్పాలో నాకు తోచలేదు. టైప్ చేసి పెట్టుకున్న 'అమ్మేయ్' ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉంది. చెరిపేశా.

"మన సందుకీ అద్దం వేయిద్దామా నాన్నా?"

"ఎండాకాలం వేపుడైపోతాం. అది వాళ్ల చలికి సరిపోద్ది" అన్నాడు వెంటనే. ఆగి, "చూద్దాంలే" అన్నాడు.

మీరూ వెళ్తే

* పాసాజ్‌లకి టికెట్ లేదు. కానీ రాత్రిళ్లు గేట్లు వేసేస్తారు. ఆదివారం కొన్ని మూసి ఉంటాయి, కొన్నిట్లో కొట్లు తెరవరు. మామూలు రోజు మధ్యాహ్నం మంచిది.
* గాలరీ వివియెన్‌కి బూర్స్ మెట్రో స్టేషన్లో దిగాలి. పనోరమా, జూఫ్రువా, వెర్దో మూడింటికీ గ్రాన్ బూల్‌వార్. బ్రాడీకి షాతో దో.
* ఈ వరసలో వెళ్తే మధ్యలో కేర్ కూడా చూసుకుంటూ పూటలో నడిచేయొచ్చు. వాన రోజు ఇంకా బాగుంటుంది.
* కొట్టు మాత్రమే కాదు, తలెత్తి కప్పు చూడండి. తల దించి నేలా చూడండి.

ఒక్క షీటు

శనివారం నాన్న బేరం వాళ్లకి సంక్రాంతి అయ్యాక చెబుతానన్నాడు. అమ్మనని కాదు, అమ్ముతాననీ కాదు. సంక్రాంతి దాకా అంతే. సందులో మిగతా కొట్లు కూడా ఒక్కోటీ అమ్ముడవుతున్నాయి. ఏదో ఒకరోజు అక్కడ కాంప్లెక్స్ లేస్తుందేమో. పారిస్‌లోనే నూట యాభైకి ఇరవై చిల్లర మిగిలితే మేమెంత?

పది రోజుల తర్వాత అమ్మ ఒక ఫొటో పంపింది. మా కొట్టు ముందు నీలం పట్టాని నాలుగడుగుల మేర మడిచి కట్టారు. ఆ ఖాళీలో ఒకే ఒక్క తెల్లటి ఫైబర్ షీటు. వేడి పైకి పోయేలా ఒక పక్క జానెడు ఎత్తు వదిలేశారు. అది నాన్న ఇంజినీరింగ్. షీటు కింద ఒక స్టూలు, స్టూలు మీద రెండు జాకెట్టు ముక్కలు.

వెంటనే ఫోన్ చేశా. అమ్మ నవ్వుతోంది. "పక్క కొట్ల వాళ్లు కూడా రంగు చూపించడానికి మన షీటు కిందకే వస్తున్నారే. మీ నాన్న అరిచేస్తాడనుకున్నా. 'రానీ, బేరం వాళ్లది, వెలుతురు మనది' అంటున్నాడు."

ఫొటో మళ్లీ తెరిచి పెద్దది చేసి చూశా. రెండు ముక్కలూ దాదాపు ఒకేలా ఉన్నాయి. కానీ తేడా తెలుస్తోంది. ఎడమ పక్కది పింక్. కుడి పక్కది ఉల్లిపొర రంగు.